కోడి అరికాలిలో నల్లటి పెచ్చు, వాపు: కోయాలా, కట్టు కట్టాలా?

పెరటితోట (తాడేపల్లిగూడెం)

అందరికీ నమస్కారం. మా పెరట్లో నాటుకోళ్లతో పాటు మూడు వనరాజా పెట్టలు తిరుగుతున్నాయి. వాటిలో బరువైన ఎర్రపెట్ట కొద్ది రోజులుగా ఎడమ కాలు నేలకు ఆనించడం లేదు. మేత మానలేదు, గుడ్డూ పెడుతోంది. కానీ గింజలు చల్లగానే అన్నిటికంటే ముందు పరుగెత్తుకొచ్చేది ఇప్పుడు ఆఖరున కుంటుకుంటూ వస్తోంది. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

ఈ ఉదయం పట్టుకుని కాలు తిప్పి చూశాను. అరికాలి మధ్య మెత్త ఉబ్బి ఎర్రగా ఉంది. సరిగ్గా నడిమిన కందిగింజంత నల్లటి పెచ్చు గట్టిగా అతుక్కుని ఉంది. తాకితే రెండో కాలికంటే వేడిగా తెలుస్తోంది. వేళ్లు మాత్రం మామూలుగానే ఉన్నాయి.

మా అత్తగారు పసుపు, సున్నం కలిపి పట్టు వేద్దామంటున్నారు. పక్కింటివారు కొత్త బ్లేడుతో ఆ పెచ్చు కోసి చీము పిండేయమంటున్నారు. మందుల దుకాణంలో నీళ్లలో కలిపే యాంటీబయాటిక్ పొడి ఒకటి ఇచ్చారు, ఇంకా విప్పలేదు. వీటిలో ఏది చేయాలి? ఇంకో సంగతి, ఈ పెట్ట గుడ్లు పిల్లలకు పెట్టవచ్చా?

మెట్టరైతు (జంగారెడ్డిగూడెం)

అమ్మా, ముందు ఆ పొడి విప్పకుండా అలాగే పక్కన పెట్టండి. బ్లేడు కూడా. మీరు చెప్పిన గుర్తులన్నీ కాలి ఆనెవి. డాక్టర్లు బంబుల్‌ఫుట్ అంటారు. తింటోంది, గుడ్డు పెడుతోంది అంటున్నారు కాబట్టి ఈ రోజే కొంప మునిగేది ఏమీ లేదు. తీరిగ్గా, శుభ్రంగా చేయవలసిన పని ఇది.

కొన్ని సంగతులు చెప్పండి. రాత్రిపూట కోళ్లు దేని మీద ఎక్కి కూర్చుంటాయి? అది నేల నుంచి ఎంత ఎత్తు? గూట్లో కింద ఏమి పరిచారు? వానకు తడుస్తోందా? మేత ఏమిటి, ఒట్టి నూకలేనా? కాలు చూడగానే మందు అడుగుతారు అందరూ. నేను మాత్రం గూడు చూడనిదే కాలి గురించి మాట్లాడను. పుండు పుట్టింది అక్కడే. అక్కడ మార్పు రాకుండా ఎన్ని కట్లు కట్టినా మళ్లీ అదే చోట లేస్తుంది.

డాక్టరమ్మ (విశ్రాంత పశువైద్యురాలు, తిరుపతి)

మెట్టరైతు గారి ప్రశ్నలకు జవాబు ఇవ్వండి అమ్మా, అవి ముఖ్యం. ఈలోగా ఇది ఏమిటో చెబుతాను.

అరికాలి చర్మం ఎక్కడో చిన్నగా చిట్లుతుంది. ముల్లు, మేకు, గాజుపెంకు, గరుకు సిమెంటు, ఎత్తు నుంచి దూకడం, ఏదైనా కావచ్చు. ఆ సందులోంచి సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. ఎక్కువగా కనిపించేది స్టాఫిలోకాకస్ ఆరియస్. అది ఎక్కడి నుంచో రానక్కరలేదు, కోడి చర్మం మీదా గూటి చెత్తలోనూ ఎప్పుడూ ఉంటుంది. దారి దొరికితే చాలు. కోడి బరువంతా ఆ మెత్త మీదే పడుతుంది కాబట్టి గాయానికి విశ్రాంతి ఉండదు, లోపల గడ్డ కడుతుంది. వనరాజా వంటి బరువైన జాతుల్లో ఎక్కువగా చూసేది ఇందుకే. తేలికగా ఉండే గ్రామప్రియలో ఇంత చూడలేదు నేను.

పక్కింటివారు చీము పిండేయమన్నారు. కోడి చీము మన చీములా కారదు. పక్షుల తెల్లరక్తకణాల్లో చీమును కరిగించి పలచన చేసే ఎంజైములు మనకున్నట్టు ఉండవు. అందుకే అది ఆరిన జున్నులా గట్టిపడి ముద్దగా ఉండిపోతుంది. పిండితే బయటికి రాదు, పక్కల కండలోకీ, కండను ఎముకకు కలిపే స్నాయువుల తొడుగులోకీ జరుగుతుంది. అక్కడి నుంచి కీలుకీ ఎముకకీ పాకితే పక్షిని కాపాడటం చాలా కష్టం. కాబట్టి పిండడం అనే మాటే వద్దు.

మీరు చెప్పిన దశ, అంటే పెచ్చు ఉండి, వాపు అరికాలికే పరిమితమై, వేళ్లు మామూలుగా ఉండటం, ఇంట్లో జాగ్రత్తగా చూసుకోదగినదే. వాపు వేళ్లలోకి గాని మడమ పైకి గాని వస్తే, వాసన వస్తే, కోడి మేత మానేసి ముడుచుకుని కూర్చుంటే ఆలస్యం చేయకుండా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. దూరమైతే 1962 నంబరుకు ఫోను చేయండి, ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ సంచార పశువైద్య వాహనం కోసం అదే నంబరు.

గుడ్ల సంగతి. మందు ఏదీ వాడనంతవరకు, గుడ్డు శుభ్రంగా ఉన్నంతవరకు బాగా ఉడికించి తినవచ్చు. చీము గాని మురికి గాని అంటిన గుడ్డు పారేయండి. యాంటీబయాటిక్ మొదలుపెడితే మాత్రం లెక్క వేరు, ఎన్ని రోజులు ఆపాలో మందు రాసిన డాక్టరే చెప్పాలి. పిల్లలు తినే ఇల్లు కదా, ఈ విషయంలో మొహమాటం వద్దు.

పెరటితోట

చాలా ధైర్యం వచ్చింది డాక్టరమ్మ గారూ, మెట్టరైతు గారూ.

గూడు మా వారు పాత ఇనుప గొట్టాలతో చేయించారు. కోళ్లు కూర్చునేది కూడా గొట్టం మీదే, బొటనవేలంత లావు, నా ఛాతీ ఎత్తులో ఉంటుంది. పొద్దున తలుపు తీయగానే అక్కడి నుంచి నేరుగా కిందికి దూకుతాయి. కింద వరిపొట్టు పోశాం. నీళ్ల పాత్ర చుట్టూ తడిగా ఉంటోంది, ఈ వానలకు ఒక మూల ముద్ద కట్టింది. వాసన రాకుండా దాని మీద సున్నం చల్లాం. మేత ఎక్కువగా నూకలు, ఇంట్లో మిగిలిన అన్నం.

మెట్టరైతు

మొత్తం మీరే చెప్పేశారమ్మా. కాలికి కావలసిన మందులో సగం ఈ పేరాలోనే ఉంది.

కోడి పిచ్చుకలా వేళ్లతో గట్టిగా పట్టుకుని పడుకోదు. అరికాలు పరచి, దాని మీద పొట్ట ఆనించి కూర్చుంటుంది. సన్నటి గొట్టం మీద బరువంతా ఒకే గీత మీద పడుతుంది, రాత్రంతా. రెండు అంగుళాల వెడల్పున్న చెక్క తీసుకోండి, అంచులు ఆకురాయితో గుండ్రంగా చేయించండి, చీలికలు లేకుండా నున్నగా రుద్దించండి. వనరాజాలకు ఎత్తు రెండు అడుగులు దాటవద్దు, ఒకటిన్నర అయినా చాలు. నాటుకోళ్లు పైకే ఎక్కుతామంటాయి, వాటికి పై చెక్క వేరుగా పెట్టి మధ్యలో ఒక మెట్టు వేయండి. దిగేటప్పుడు వాడుకుంటాయి.

పొట్టు విషయం. తడిసిన మూలది మొత్తం ఎత్తి పారేయండి, కొత్త పొట్టు రెండు మూడు అంగుళాలు పరచండి, రోజూ ఒకసారి దంతెతో తిరగేయండి. గుప్పెట్లో పట్టుకుని పిసికితే ముద్ద కాకూడదు, విడిపోవాలి. అదే పరీక్ష. నీళ్ల పాత్రను రెండు ఇటుకల మీద ఎత్తి పెడితే ఒలకడం తగ్గుతుంది.

డాక్టరమ్మ

సున్నం గురించి గట్టిగా చెప్పాలి. ఖాళీ గూడు కడిగి, సున్నం వేసి, ఆరాక పొట్టు పోయడం మంచి పద్ధతే. కోళ్లు తిరుగుతున్న తడి పొట్టు మీద చల్లితే మాత్రం ఆ సున్నం అరికాళ్లను కాలుస్తుంది. పుండు మీద పసుపుతో కలిపి పట్టు వేయడమూ అంతే. అత్తగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, పెద్దవారు సున్నం వాడింది మనుషుల బెణుకులకు, తెగని చర్మం మీద. తెగిన చోట అది కొత్తగా పుట్టే చర్మాన్ని కూడా చంపుతుంది. ఒట్టి పసుపు పెద్దగా చెడు చేయదు కానీ వంటింటి పసుపు పొడి శుభ్రమైనది కాదు, తెరిచిన పుండులోకి పోయవద్దు.

నూకలు, అన్నం మీదే బతికే కోళ్లకు విటమిన్ ఎ తగ్గుతుంది. అది తగ్గితే చర్మం పెళుసెక్కి త్వరగా చిట్లుతుంది. రోజూ గుప్పెడు మునగాకు, తోటకూర తరిగి వేయండి. పసుపుపచ్చ మొక్కజొన్న నూక కొంత కలపండి. లేదా దుకాణంలో దొరికే గుడ్లకోళ్ల దాణా సగానికి సగం కలపండి.

డాబాకోళ్లు (హైదరాబాద్)

మాది మేడ మీద పెంపకం, అంతా సిమెంటు. అందువల్ల ఈ జబ్బుతో నాకు పరిచయం ఎక్కువ. కట్టు కట్టే పద్ధతి నేను చేసేది రాస్తున్నాను, డాక్టరమ్మ గారు సరిచూడండి.

ఇద్దరుంటే సులువు. ఒకరు కోడిని పాత తువ్వాలులో చుట్టి, తల మీదికి కొంగు కప్పి ఒళ్లో పట్టుకోవాలి. కళ్లకు చీకటైతే అది మెదలకుండా ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లలో, లీటరుకు రెండు చెంచాల చొప్పున మెగ్నీషియం సల్ఫేట్ కలుపుతాను, ఎప్సమ్ సాల్ట్ అని మందుల దుకాణంలో దొరుకుతుంది. పది పదిహేను నిమిషాలు రెండు కాళ్లూ అందులో ఉంచుతాను. ఆ నీళ్లు కోడి తాగకుండా చూడాలి, విరేచనాలు పట్టుకుంటాయి.

నానాక పెచ్చు అంచు తెల్లబడి కొద్దిగా లేస్తుంది. మెత్తటి గుడ్డతో తుడుస్తూ వస్తే కొన్నిసార్లు పెచ్చు దానంతటదే ఊడుతుంది, దాని వెనక పసుపు తెలుపు కలిసిన గట్టి మొలక వేరులాగా బయటికి వస్తుంది. రాకపోతే వదిలేస్తాను, మర్నాడు మళ్లీ నానబెడతాను. తొందరపడితే రక్తం వస్తుంది. తర్వాత పొవిడోన్ అయోడిన్‌తో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, పూత మందు రాసి కట్టు కడతాను.

డాక్టరమ్మ

బాగుంది బాబూ. కొన్ని చేర్పులు మాత్రమే.

చేతికి తొడుగులు తప్పనిసరి. ఈ స్టాఫిలోకాకస్ మన చర్మం మీద గాయాల్లోకీ వస్తుంది. నీళ్లు మొక్కలకు పోయవద్దు, మరుగుదొడ్డిలో పారబోయండి. వాడిన గుడ్డలు కాల్చేయండి.

పట్టుకునేటప్పుడు ఛాతీ నొక్కవద్దు. కోడికి మనకున్నట్టు ఊపిరి తిత్తుల కింద ఉదరవితానం అనే కండర పొర లేదు, రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే గాలి ఆడుతుంది. కాలి మీద ధ్యాసలో గట్టిగా అదిమిపట్టి ఊపిరాడక కోళ్లు పోయిన సందర్భాలు చూశాను. వెల్లకిలా ఎక్కువసేపు ఉంచడమూ వద్దు. నోరు తెరిచి రొప్పితే వెంటనే వదిలేసి, మిగతా పని రేపు చూసుకోండి.

పొవిడోన్ అయోడిన్ సీసాలో ఉన్నది ఉన్నట్టు వాడకండి. పది శాతం ద్రావణం ఒక వంతుకు కాచి చల్లార్చిన నీళ్లు పది వంతులు పోస్తే పలచటి టీ రంగు వస్తుంది, అది చాలు. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ చూసి చాలామంది ముచ్చటపడతారు, రోజూ పోస్తే మానుతున్న కండను తినేస్తుంది.

ఇంట్లో ఉన్న మనుషుల మందులు వాడకండి. నొప్పి తెలియకుండా చేసే పూత మందుల్లో చివర ‘కెయిన్’ అని వచ్చేవి పక్షులకు ప్రమాదం. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు అసలే వద్దు. రాబందులు అంతరించే స్థితికి రావడానికి పశువులకు ఇచ్చిన ఆ మందే కారణమని తేలాక 2006లో మన దేశంలో పశువులకు దాని తయారీ ఆపేశారు. పక్షి మూత్రపిండాలకు అది విషం.

కట్టు. ముందు అంటుకోని గాజుగుడ్డ మడత పుండు మీద. దాని మీద తనకు తానే అంటుకునే సాగే పట్టీని అంగుళం వెడల్పున కత్తిరించి, మడమ వెనక నుంచి మొదలుపెట్టి, ఒక్కో వేలి సందులోంచి తీసుకుంటూ అడ్డంగా ఎనిమిది అంకె ఆకారంలో చుట్టండి. లాగి బిగించకండి. అరగంట తర్వాత వేళ్లు తాకి చూడండి. చల్లబడినా, రంగు మారినా, ఉబ్బినా విప్పేసి మళ్లీ వదులుగా కట్టండి. రోజు మార్చి రోజు మార్చండి, తడిస్తే అప్పటికప్పుడే. తడి కట్టు కంటే కట్టు లేకపోవడమే మేలు.

అసీల్_పెంపకం (భీమవరం)

పెద్దలకు నమస్కారం. మేము తరతరాలుగా జాతి పుంజులు పెంచుతున్నాం. మా దగ్గర ఇది మామూలు. పెచ్చు చుట్టూ కొత్త బ్లేడుతో గుండ్రంగా కోసి, గడ్డను వేరుతో సహా లేపేసి, పసుపు కూరి కట్టేస్తాం. చాలా పుంజులు నడిచాయి. ఇంత నానబెట్టడాలు, చుట్టడాలు అవసరమా అని అడుగుతున్నాను. వాదనకు కాదు, తెలుసుకుందామని.

డాక్టరమ్మ

అడిగినందుకు సంతోషం బాబూ. నడిచినవి మీకు గుర్తున్నాయి. నడవనివి ఏమయ్యాయో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అరికాలి మెత్త కింద వేళ్లను ముడిచే స్నాయువులు ఉంటాయి. అవి కొన్ని మిల్లీమీటర్ల లోతులోనే ఉంటాయి. బ్లేడు అంత లోతుకు పోతే వేలు ఇక ముడుచుకోదు. రక్తనాళాలు కూడా అక్కడే. బరువున్న పుంజు రక్తం పోగొట్టుకోవడానికి ఎక్కువసేపు పట్టదు. కోత అవసరమైన కాళ్లు ఉంటాయి, కాదనను. గడ్డ పెద్దదై, లోపల గట్టి ముద్ద తెలుస్తూ, నానబెట్టినా కదలనప్పుడు కోయాల్సిందే. కానీ అది మత్తు ఇచ్చి, నొప్పి మందు ఇచ్చి, ఆసుపత్రిలో చేయవలసిన పని. కోడి అరవదు కాబట్టి నొప్పి లేదనుకోవడం చాలా అన్యాయం. బాధను దాచుకోవడం దాని స్వభావం, కుంటుతున్న కోడిని మంద పొడుస్తుంది.

ఇంకో మాట. పుంజులను కాలికి తాడు కట్టి సిమెంటు గచ్చు మీద రోజంతా నిలబెట్టే అలవాటు మీ ప్రాంతంలో చూశాను. తాడు రాసుకున్న చోట మడమ పైన తెగుతుంది, కింద గచ్చుకు అరికాలు ఒరుస్తుంది. ఒకే కాలికి రెండు దారులు. కోళ్ల పందేలు 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరమన్నది మీకూ తెలుసు, దాని గురించి ఇక్కడ చర్చ వద్దు. పెంచే పక్షిని మాత్రం మట్టి నేల మీద, కంచె లోపల వదలండి.

అసీల్_పెంపకం

మీరు చెప్పింది తలకెక్కింది డాక్టరమ్మ గారూ. నడవని పుంజులను ఎవరూ లెక్క పెట్టరన్న మాట నిజమే. మా చెట్ల కింద ఇసుక పోయించి వల కంచె కట్టించే ఆలోచన ఎప్పటి నుంచో ఉంది, ఈ పండుగలోపు అది చేయిస్తాను.

డల్లాస్_పెరడు (టెక్సస్)

ఇక్కడ మా ఇంటి వెనక నాలుగు పెట్టలు ఉన్నాయి. ఈ చర్చ చదువుతుంటే ఊళ్లో మా నాయనమ్మ గంపలు గుర్తొచ్చాయి.

యాంటీబయాటిక్ గురించి ఇక్కడి సంగతి చెబుతాను. 2023 జూన్ నుంచి అమెరికాలో పశువులకు వాడే ముఖ్యమైన యాంటీబయాటిక్‌లు ఏవీ డాక్టరు చీటీ లేకుండా దుకాణంలో దొరకవు. ఎన్రోఫ్లోక్సాసిన్‌ను కోళ్లలో వాడటానికి అనుమతిని 2005లోనే రద్దు చేశారు, మనుషుల్లో ఆ కుటుంబం మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతున్నాయన్న కారణంతో. మన దగ్గర దుకాణంవాళ్లు నీళ్లలో కలపమని ఇచ్చే సీసాల్లో తరచుగా ఉండేది అదే. పెరటితోట గారికి ఇచ్చిన పొట్లం మీద ఏ పేరు ఉందో చూడండి.

కట్టు మీద ఒక చిన్న చిట్కా. కట్టు కింద సైకిల్ ట్యూబు ముక్క గుండ్రంగా కత్తిరించి, మధ్యలో పుండు ఉన్న మేర రంధ్రం చేసి పెడతాను. బరువు అంచుల మీద పడుతుంది, పుండుకు నొక్కుడు తగ్గుతుంది.

పెరటితోట

పొట్లం చూశాను. కొలిస్టిన్ అని ఉంది.

డాక్టరమ్మ

ఆ పొడి తిరిగి ఇచ్చేయండి అమ్మా. ఆహారం కోసం పెంచే పశువులకు, కోళ్లకు కొలిస్టిన్ వాడటాన్ని కేంద్ర ప్రభుత్వం 2019 జులైలోనే నిషేధించింది. మనుషులకు ఏ మందూ పనిచేయని స్థితిలో ఆసుపత్రుల్లో ఆఖరి ప్రయత్నంగా వాడేది అది. పైగా స్టాఫిలోకాకస్ మీద అది పనిచేయదు, దాని గురి వేరే రకం సూక్ష్మజీవుల మీద. అంటే మీ పెట్టకు రవ్వంత మేలు లేదు, మిగతా అందరికీ నష్టం.

నోటి ద్వారా యాంటీబయాటిక్ అవసరమయ్యే కాళ్లు ఉన్నాయి. వాపు పాకినప్పుడు, కీలు పట్టినప్పుడు. అప్పుడు లోపలి ముద్ద నుంచి నమూనా తీసి ఏ మందుకు లొంగుతుందో పరీక్షించి ఇవ్వడం సరైన దారి. తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య విశ్వవిద్యాలయాల్లో ఆ సౌకర్యం ఉంది. గట్టి ముద్ద లోపల ఉన్నంతకాలం రక్తంలోంచి వచ్చే మందు దాన్ని చేరలేదన్నది గుర్తుంచుకోండి.

నిర్వాహకుడు

సభ్యులకు మనవి. యాంటీబయాటిక్ మోతాదులు ఇక్కడ రాయవద్దు, అడగవద్దు. రాసిన రెండు వ్యాఖ్యలు తొలగించాను. శుభ్రత, కట్టు, గూడు, మేత గురించి ఎంతైనా రాయండి.

పాలమూరు_కోళ్లు (మహబూబ్‌నగర్)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా పెట్టకు అరికాలు బాగానే ఉంది. కాళ్ల మీద పొలుసులు మాత్రం పైకి లేచి, కింద తెల్లటి పొడి పట్టి, కాళ్లు లావుగా మారాయి. రాత్రిపూట కాళ్లు కొట్టుకుంటోంది. ఇదీ అదేనా? ఒక కోడిపిల్లకు వేలు నల్లబడి వాచింది, అది కూడా అడుగుతున్నాను.

మెట్టరైతు

పెట్టది వేరు తమ్ముడూ. అది కాళ్ల గజ్జి. కంటికి కనిపించని పురుగు పొలుసుల కింద దొలుచుకుని ఉంటుంది. గోరువెచ్చటి సబ్బు నీళ్లతో పాత పళ్లు తోముకునే బ్రష్‌తో మెల్లగా రుద్ది, ఆరాక వాజ్‌లైన్ గాని కొబ్బరినూనె గాని పొలుసుల సందుల్లోకి దిగేలా పట్టించండి. గాలి ఆడక పురుగు చస్తుంది. రెండు మూడు రోజులకోసారి చొప్పున కొన్ని వారాలు చేయాలి. లేచిన పొలుసులు పీకవద్దు, రక్తం వచ్చి పుండవుతుంది. కిరోసిన్, పాత ఇంజిన్ ఆయిల్ పూస్తారు చాలామంది, చర్మం కాలుతుంది, వద్దు. కూర్చునే కర్రలకు కూడా నూనె రాయండి, ఒక కోడి నుంచి మరోదానికి పాకేది అక్కడే. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

కోడిపిల్ల వేలును వెలుతురులో దగ్గరగా చూడండి. వాపు మొదలయ్యే చోట సన్నటి గీత పడి ఉంటుంది. ఆ గీతలో తల వెంట్రుక గాని గోనె పీచు గాని చుట్టుకుని లోపలికి కోసుకుపోయి ఉండవచ్చు. ఇంటి వెనక తల దువ్వుకుని చిక్కులు పారేసే చోట తిరిగే పిల్లలకు ఇది తరచు జరుగుతుంది.

పాలమూరు_కోళ్లు

అన్నా, మీరు చెప్పినట్టే ఉంది! భూతద్దం పెడితేగాని కనిపించలేదు, పొడుగాటి వెంట్రుక మూడు చుట్లు. గోళ్ల కత్తెర మొనతో అత్తమ్మ తెంపి తీసింది. వేలు కొస ఇంకా నల్లగానే ఉంది.

డాక్టరమ్మ

కొస నిలుస్తుందో రాలుతుందో కొన్ని రోజుల్లో తెలుస్తుంది. పలచటి అయోడిన్ నీళ్లతో తుడుస్తూ పొడిగా ఉంచండి. రాలినా పిల్ల బతుకుతుంది.

కాళ్ల గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఇంకొన్ని గుర్తులు చెప్పి ఉంచుతాను. ఒకేసారి అనేక కోళ్లకు మోకాళ్లు, అరికాళ్లు వాచి, లోపల నీరులా జారుతుంటే అది మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల కావచ్చు, కట్లతో తగ్గదు. ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కు చాపి పడిపోయే చిన్న కోడిది మారెక్స్ అనే నరాల జబ్బు కావచ్చు, కాలిలో పుండు వెతకవద్దు. కాళ్ల మీద పొలుసుల కింద ఊదా రంగు రక్తపు మచ్చలు, తురాయి నల్లబడటం, వరసగా చావులు, ఇవి కలిసి కనిపిస్తే ఏ కోడినీ తాకకండి, కోసి తినకండి, వెంటనే పశుసంవర్ధక శాఖకు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన సంగతి పెరటితోట గారి ఊరివారికి నేను చెప్పనక్కరలేదు.

పెరటితోట

అందరికీ కబురు చెప్పాలి. ఎర్రపెట్టను వసారాలో పాత దుప్పటి పరచిన గంప కింద విడిగా ఉంచాను. పగలు మా వారు పట్టుకున్నారు, నేను నానబెట్టాను. మొదట పెచ్చు కదల్లేదు, వదిలేశాను. తర్వాత ఒక పూట గుడ్డతో తుడుస్తుంటే అంచు లేచింది, మెల్లగా పెచ్చుతో పాటే గట్టి మొలక ఒకటి జారి వచ్చింది. వడ్లగింజకు రెట్టింపు ఉంటుంది, కొస సూదిగా ఉంది. దాని చోట చిన్న గుంట, లోపల శుభ్రమైన ఎర్రటి కండ, రక్తం రెండు చుక్కలు మించలేదు. అయోడిన్ నీళ్లతో కడిగి, డల్లాస్ వారు చెప్పినట్టు ట్యూబు ముక్క పెట్టి కట్టాను. అంతసేపూ తువ్వాలులో కదలకుండా ఉంది. నా చేతులే వణికాయి.

మా మండల పశువైద్యుడికి కూడా చూపించాను. ఎముకకు పాకలేదు, మందు అక్కరలేదు, కట్టు కొనసాగించండి అన్నారు. ఇప్పుడు గుంట పూడుతోంది, చుట్టూ వేడి లేదు. కాలు ఆనిస్తోంది. గూట్లో గొట్టాలు తీయించి టేకు చెక్కలు వేయించాం. సున్నం మానేశాం. అత్తగారు రోజూ తానే మునగాకు దూసి వేస్తున్నారు.

రెండు సందేహాలు. మిగతా కోళ్ల కాళ్లు కూడా తిప్పి చూశాను. ఇంకో వనరాజాకు అరికాలిలో చర్మం నున్నగా, మెరుస్తూ, కొద్దిగా ఎర్రగా ఉంది. పెచ్చు లేదు, వాపు లేదు. దానికీ కట్టు కట్టాలా? ఎర్రపెట్టను మందలోకి ఎప్పుడు వదలాలి?

డాక్టరమ్మ

చాలా చక్కగా చేశారమ్మా. ఆగడం తెలియడం ఈ వైద్యంలో పెద్ద పని, అది మీరు చేశారు.

రెండో పెట్టది తొలి దశ. చర్మం అరిగిపోయి పలచబడింది, ఇంకా తెగలేదు. కట్టు అక్కరలేదు. వెడల్పు చెక్క, పొడి పొట్టు దానికి సరిపోతాయి. వారానికోసారి కాలు తిప్పి చూడండి. ఎరుపు తగ్గి చర్మం మీద మామూలు గరుకు గింజలు తిరిగి కనిపిస్తే నయమైనట్టు. బరువు ఎక్కువుంటే మిగిలిన అన్నం తగ్గించండి.

ఎర్రపెట్ట పుండు మీద కొత్త చర్మం పూర్తిగా మూసుకునే వరకు గంపలోనే ఉంచండి. కట్టు తీశాక కూడా కొన్ని రోజులు పొడి నేల మీదే తిప్పండి.

మెట్టరైతు

మందలోకి వదిలేటప్పుడు పగలు వదలకండి అమ్మా. ఇన్నాళ్లు కనిపించని కోడిని మిగతావి కొత్తదనుకుని పొడుస్తాయి, అది పరుగెత్తి దూకితే కాలికి మళ్లీ దెబ్బ. రెండు మూడు రోజులు ముందుగా గంపను గూటి పక్కనే, అవి చూసేలా పెట్టండి. తర్వాత చీకటి పడి అన్నీ చెక్కలెక్కాక దాన్ని ఎత్తి కింది చెక్క మీద, మిగతా వనరాజాల మధ్య కూర్చోబెట్టండి. మర్నాడు పొద్దున మేత రెండు చోట్ల వేయండి. టేకు చెక్కల్లో మేకు తలలు ఎక్కడైనా పైకి లేచి ఉన్నాయేమో చేత్తో తడిమి చూడండి, వడ్రంగులు కింది వైపు వదిలేస్తారు.

పెరటితోట

తడిమాను. ఒకటి దొరికింది, కొట్టించేశాం. గంపను రేపే గూటి పక్కకు జరుపుతాను.